చెరిపేసిన మైనస్

పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ ఇంటి ముందుగది నిండిపోతుంది. మోకాలికి మోకాలు తగిలేలా చాపల మీద పిల్లలు, గుమ్మం బయట గుట్టగా చెప్పులు, నల్లబల్ల ముందు చిట్కాల మాస్టారు. ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. ఆయన చిట్కా పట్టుకుంటే మార్కులు రాలతాయి, తల్లిదండ్రులకు అంతే కావాలి.

"రెండు సదిశల డాట్ ప్రోడక్ట్ కట్టండి. పొడవుల లబ్ధంతో భాగించండి. కోణానికి కొసైన్ వచ్చేసింది. మైనస్ వస్తే?"

"చెరిపేయాలి!" గదంతా ఒక్క గొంతై అరిచింది.

"ఎందుకు సార్?" అంది వెనక నుంచి ఒక పిల్ల.

"ఎందుకని అడిగేవాళ్ళు పరీక్ష హాల్లోనే ముసలాళ్ళైపోతారు తల్లీ! పేపర్లో అడిగేది చిన్నకోణమే. చెరిపేసి ముందుకు పో."

అందరూ నవ్వారు. వంటింట్లో మాస్టారి కూతురి చేతిలో కాఫీ గ్లాసు మాత్రం పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

ఉక్కు కట్టడాలకు నమూనాలు గీయడం ఆమె ఉద్యోగం. అది ఇంకా ఖాయం కాలేదు. ఆసుపత్రి ముంగిట రోగుల బంధువులు కూర్చోవడానికి వేస్తున్న కప్పుకు ఆమె గీసిన నమూనా ప్రకారమే పని నడుస్తోంది. స్తంభం తల నుంచి రెండు ఉక్కు చేతులు చెరో పక్కకీ విచ్చుకుంటూ పైకి లేస్తాయి. ఒకటి (1, −2, 2), రెండోది (−1, 2, 2). తడివేలితో గట్టు మీద మళ్ళీ లెక్క కట్టింది. మైనస్ ఒకటి, మైనస్ నాలుగు, ప్లస్ నాలుగు. వెరసి మైనస్ ఒకటి. పొడవులు మూడేసి. మైనస్ తొమ్మిదో వంతు! అంటే లంబకోణాన్ని దాటి, దాదాపు తొంభై ఆరు డిగ్రీలు. చేతులను కలిపే ప్లేటు మీద తాను వేసినది ఎనభై నాలుగు. నమూనా గీసిన రోజు మైనస్ కనబడగానే, చెమట తుడుచుకున్నంత అలవాటుగా, తన చెయ్యి దాన్ని తుడిచేసింది.

"నాన్నా, ఒకదాన్నొకటి ఖండించుకునే గీతలకైతే చిన్నకోణం సరే. ఒకే చోట బయలుదేరిన రెండు చేతులకైతే?"

"అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాడాయన, సుద్దముక్క దించకుండానే.

ఆమె మేస్త్రికి ఫోన్ చేసింది.

"మేస్త్రి గారూ, ఆ చేతులు ప్లేటులో సరిగ్గా కూర్చున్నాయా?"

"ఎక్కడమ్మా! అలిగిన అల్లుళ్ళలా చెరో వైపూ తిరిగి నిలబడ్డాయి. గొలుసేసి దగ్గరికి లాగి బోల్టులు బిగించేశాం. రేకులు ఎక్కిస్తున్నాం. కింద జనం అప్పుడే చేరారు, ఎండ కదా."

"జనాన్ని పంపేయండి! మీరూ దిగిపోండి!"

"ఓనరు గారు అడిగితే ఏం చెప్పమంటారు?"

నిజం చెబితే ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే, ఆ నీడన కూర్చున్నవాళ్ళు...

"కోణం తప్పు వేసింది నేనని చెప్పండి. వచ్చేస్తున్నా."

ఆమె ముఖం చూసి మాస్టారు పిల్లల్ని వదిలి వెంట బయలుదేరాడు. తాను చెరిపేసిన మైనస్ సంగతి ఆమె దారిలో చెప్పింది. వాళ్ళు వెళ్ళేసరికి ముంగిలి ఖాళీగా ఉంది. రేకులు దించి, చేతులకు ఆసరాలు పెట్టి, బోల్టులు వదులు చేస్తున్నారు. చివరిది ఇంకా పూర్తిగా ఊడకముందే తుపాకీ పేలినట్టు ఎగిరిపోయింది. లాగి కట్టిన చేతులు రెండూ విదిలించుకుని తమ దిక్కులకు విచ్చుకున్నాయి. బోల్టు వెళ్ళి తగిలిన బెంచీ పలక చీలిపోయింది. కాసేపటి క్రితం దాని మీద ఒక తల్లి పసిబిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుందని మేస్త్రి చెప్పాడు.

కంపెనీ ఓనరు వచ్చి ఆమె మీద అరిచాడు. రేపు ఆఫీసుకు రమ్మన్నాడు, దేనికో చెప్పలేదు. మాస్టారు మాత్రం చీలిన పలక దగ్గర వంగి, ఆ చీలిక పొడవునా వేలు పెట్టి చూశాడు.

మర్నాడు ఆయన నల్లబల్ల మీద ఒక మైనస్ గుర్తు పెద్దగా గీశాడు. నిన్న ప్రశ్న అడిగిన పిల్లను లేపి, ముందు వరుసలో కూర్చోబెట్టాడు. "నిన్న నువ్వు అడిగావు, నేను నవ్వించాను. తప్పు నాది," అన్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగాడు.

"ఎందుకో తెలియకుండా చెరిపేసిన మైనస్ కాగితం మీద మాయమవుతుంది గానీ లోకంలో మాయం కాదు పిల్లలూ, అది ఎవరి తల మీదో బిగుసుకుని కూర్చుంటుంది."