మగ్గాల చప్పుడులో మాట

కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు నాది. కథలో ఎవరైనా విడిపోతూ పేజీలకొద్దీ మాట్లాడుకుంటుంటే నాకు కంగారు పుడుతుంది. అసలు మాట చెప్పకముందే బండి కదిలిపోతుందేమోనని. అప్పుడు మా వదిన గుర్తొస్తుంది.

అన్నయ్య పోయాక వదినే నన్ను తను పనిచేసే నేత మిల్లులో చేర్పించింది. అప్పటికే నా నోటి సంగతి వీధి వీధంతటికీ తెలుసు. మరమగ్గాల షెడ్డులో అడుగుపెట్టాక ఆ నోరు ఎందుకూ పనికిరాలేదు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కమనిషి కేక కూడా వినపడదు. చెవి దగ్గరికెళ్లి ఒక్క ముక్క చెప్పాలి, లేదా పెదాలు చూసి తెలుసుకోవాలి.

మొదటిరోజు వదిన చెవిలో, నా మగ్గం పొద్దుటి నుంచీ ఏదోలా ఉందనీ, మేస్త్రీతో చెప్పాలంటే మొహమాటంగా ఉందనీ మొదలుపెట్టాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని మగ్గం వైపు తిప్పింది. నేను చెబుతున్నంతసేపూ పోగులు తెగుతూనే ఉన్నాయి. జానెడు బట్ట పాడైపోయింది. భోజనాల గంట కొట్టాక అంది:

"చివర చెప్పేది ముందు చెప్పు పిల్లా. మిగతాది దారిలో వింటాను."

నిజంగానే వినేది, నవ్వాల్సిన చోటల్లా నవ్వుతూ. నీ నోటికి బెల్టు తగిలిస్తే మిల్లుకి కరెంటు అక్కర్లేదనేది.

ఇంతలో తమ్ముడికి పెళ్లి కుదిరింది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, అందులో ఒకదాంట్లో వదిన మంచం. వదినని ఎవరూ వెళ్లమనలేదు. అమ్మ మాత్రం రోజూ ఏదో ఒకటి అనేది. ఇది నీ ఇల్లే కదమ్మా, ఉండొద్దని ఎవరంటారు, కాకపోతే కొత్తగా వచ్చే పిల్ల ఏమనుకుంటుందో, అయినా నీ ఇష్టం. ఒక్క మాటనీ తప్పు పట్టలేం. వదిన అన్నిటికీ తలూపి, మిల్లువాళ్లు వేరే ఊళ్లో పెట్టిన కొత్త షెడ్డుకి పేరిచ్చేసింది.

ఆవిడ వెళ్లడం కన్నా, ఇక్కడ తనకి చోటు లేదనుకుని వెళ్లడం నన్ను భయపెట్టింది. అలా వెళ్లిన మనిషి మళ్లీ గడప తొక్కదు.

మిల్లు గేటు దగ్గర లారీ ఇంజిను ఆపకుండా నిలబడింది. ఆడవాళ్లు మూటలతో ఎక్కి కూర్చున్నారు. నేను ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చాను. అమ్మ మనసులో అంత చెడు లేదనీ, అసలు జరిగింది ఏమిటంటే అనీ అందుకున్నాను. వదిన వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడటం లేదని తల అడ్డంగా ఊపింది. లారీ కదిలింది. పక్కనే పరిగెత్తాను.

"నీ మంచం తియ్యనివ్వను!"

వదిన మొహం పక్కకి తిప్పుకుంది. కొంగుతో కళ్లు గట్టిగా తుడుచుకుని నా వైపు చూసింది. గొంతు నాకు అందలేదు కానీ పెదాలు కనపడ్డాయి.

"కిటికీ పక్కకి జరుపు."

ఇంటికెళ్లి, అమ్మ చూస్తుండగానే మంచం లాగడం మొదలుపెట్టాను. అమ్మ అదికాదే అంటూ ఏదో అందుకుని, నా మొహం చూసి ఆగిపోయింది. కాసేపటికి వచ్చి రెండో వైపు పట్టుకుంది.

"ఎత్తు," అంది.

మిల్లుకి సెలవులివ్వగానే వదిన వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా పెట్టె నేరుగా కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.