జబ్బలో చిట్టెలుక

పక్షవాతం మా ఆయన కుడిచెయ్యి పడగొట్టేసింది. మా టైలరింగ్ షాపులో కటింగ్ ఆయనది, మిషను నాది. ఇంకో కటింగ్ మాస్టర్ని పెట్టుకోమని మా ఆడపడుచు సలహా పారేసింది. నా ఒళ్లు మండిపోయింది. ఆయన కళ్లెదుటే ఆయన కటింగ్ బల్ల దగ్గర వేరే మనిషా! చెయ్యి తిరిగి రాకపోతే కుర్చీలో కూర్చుని అదంతా చూస్తూ ఆయనేమైపోవాలి?

అందుకే రోజూ పొద్దున్నే కసరత్తు చేయించేదాన్ని.

"మడవండీ! మోచెయ్యి మడవండీ!"

నాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. మిషన్ల రొదలో కాపురం చేసిన గొంతు మరి! ఆయన పళ్లు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని భుజం పైకెత్తేవారు. చెయ్యి మాత్రం మొండికేసేది.

ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఈ తతంగమంతా చూసింది.

"ఆంటీ, మీరు అరిచినప్పుడల్లా అంకుల్ బిగుసుకుపోతున్నారు. భుజమొక్కటే లేస్తోంది."

"అరవకపోతే వింటారేంటమ్మా?"

ఆ పిల్ల నవ్వి, ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి జబ్బ మీద నా వేళ్లు పెట్టింది.

"మజిల్ అంటాం కదా, ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దానర్థం చిట్టెలుక. చర్మం కింద కండ కదులుతుంటే వాళ్లకి అలా అనిపించిందట. కేకలేస్తే ఎలుక బయటికొస్తుందా, చెప్పండి?"

"బాగుంది సంబడం! బట్టలు కొరికే ఎలుకల్ని తరమలేక చస్తుంటే, ఇప్పుడు ఇంకోదాన్ని బతిమాలాలా?"

ఆయన పెదవి ఓ పక్కకి సాగింది. జబ్బు చేశాక నవ్వడం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి వెళ్లాక కుట్టుకి కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు; మిషను ఆపేసి, చేతిలో గుడ్డముక్కతోనే స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. జబ్బ మీద వేళ్లు పెట్టి నోరు మూసుకున్నాను. అరవకుండా కూర్చుంటే లోపలున్న భయమంతా పైకొచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నారు. భుజం కిందికి దిగింది.

నా వేళ్ల కింద ఏదో చిన్నగా ఎగిరింది.

"ఏవండోయ్!" అని కెవ్వుమన్నాను.

అంతే, ఆగిపోయింది. నాలిక కరుచుకున్నాను.

"భయపెట్టేశావు కదే," అన్నారాయన ముద్దముద్దగా. "ఉండు... వస్తుంది."

ఏడుపు ఆగలేదు. ఒళ్లో ఉన్న గుడ్డముక్క నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను. వేళ్లు మాత్రం కదపలేదు.

అది మళ్లీ వచ్చింది.