మగ్గం గుంటలో కాళ్ళు

లోకనాథం మామ కాళ్ళను నేను పదకొండు నెలలు చూడలేదు. చూసినట్టు పదకొండుసార్లు రాశాను.

తమిళనాడులో, తిరువళ్ళూరులోని మా మెడికల్ కాలేజీలో చేరిన ప్రతి ఒక్కరికీ పల్లెలో ఒక కుటుంబాన్ని అప్పగిస్తారు. నెలకొకసారి వెళ్ళి బీపీ, షుగరు, షుగరున్నవాళ్ళకైతే పాదాలు కూడా చూసి లాగ్‌బుక్ నింపాలి. చదువు ముగిసేదాకా వాళ్ళ ఆరోగ్యానికి మనదే పూచీ. నాకు తిరుత్తణి దగ్గర నేతగాళ్ళ వీధిలో ఒక ఇల్లు వచ్చింది. "తనుశ్రీకి తెలుగొచ్చు కదా" అన్నారు ఈ విజిట్లు చూసుకునే సుగంధి మేడమ్. హాస్టల్లో నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఇల్లు దొరికినందుకు లోలోపల సంబరపడ్డాను.

కుటుంబమంటే లోకనాథం ఒక్కడే, మామా అని పిలిచేదాన్ని. భార్య రాజామణి పోయి మూడేళ్ళు. ఆమె నూలు కండెలు చుట్టిన రాట్నం, కూర్చున్న పీట మూలన అలాగే ఉన్నాయి. మామ గుంట మగ్గం మీద లుంగీలు నేస్తాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు, పైన చేతులు. నేను వెళ్తే లేవడు. ఎడమ చెయ్యి చాపి బీపీ చూపించుకుంటాడు, వేలు పొడిపించుకుంటాడు. షుగరు ఎప్పుడూ ఎక్కువే.

మొదటి నెలలోనే అడిగాను. "మామా, కాళ్ళు చూడాల. పైకి రా."

"డాక్టరయ్యే పిల్ల నా కాళ్ళు పట్టుకునేదేంది పాపా, నాకు పాపం గదా. బాగానే ఉండాయిలే, రాసుకో."

రాసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే ఉంది. గుంటలో చీకటి, నూలు దుమ్ము. పైగా కబుర్లకు టైము మిగిలేది. "హాస్టల్లో ఏం పెడతాండారు? యాడన్నా పోయొచ్చినావా?" అని అడిగేవాడు. ఆ ఊళ్ళో, ఆ కాలేజీలో నన్ను ఇంకెవరూ అడగని మాటలవి. అందుకే 'పాదాలు: నార్మల్' అని గీకేసి, మిగతా గంటంతా కబుర్లలో పడేదాన్ని.

పన్నెండో నెల వెళ్తే మగ్గం ఆగిపోయి ఉంది. గుంటలో కాళ్ళతో తొక్కే పలక తాడు ఒరుసుకుని కుడికాలి బొటనవేలు పుండైందట. షుగరు వల్ల కాలికి స్పర్శ పోయింది కాబట్టి నొప్పే తెలియలేదు. వాసన వచ్చాక పక్కింటి పచ్చయ్యప్ప బలవంతాన ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ వేలు తీసేశారు.

ఆ నెలలోనే ఊరి సభ. ఏడాదికొకసారి మా కాలేజీవాళ్ళు బడి వరండాలో కూర్చుని, మా పిల్లలు మీకు పనికొచ్చారా అని ఊరివాళ్ళనే అడుగుతారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టే మాకు మార్కులు. సుగంధి మేడమ్ నా లాగ్‌బుక్ తెరిచి, మామ కాలి కట్టు చూసి, ఈ అమ్మాయి ప్రతి నెలా మీ కాళ్ళు చూసిందా అని తమిళంలో అడిగారు.

మామ తడుముకోలేదు. ప్రతి నెలా చూసింది, నేనే ఆమె మాట వినలేదు అని తమిళంలోనే చెప్పాడు.

అందరూ తలలూపారు. తప్పంతా వేలు పోయినవాడిదే అయిపోయింది. నోరు మూసుకుంటే నా ఏడాది గట్టెక్కుతుంది. నేనూ వాళ్ళతో పాటు తలూపాను కూడా. తర్వాత సిగ్గు ఆపుకోలేక లేచాను.

"ఒక్కసారి కూడా చూడలేదు మేడమ్."

నా ఏడాది విజిట్లన్నీ కొట్టేశారు. వేరే ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నారు. మామ ఇంటిని హేమనాథ్ అనే జూనియర్‌కు ఇచ్చారు. న్యాయమే.

సభ అయ్యాక మామ బడి గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని.

"నిజం చెప్పమని నిన్నెవురడిగినారు?" అన్నాడు. "వేలు ఎట్టాగూ పోయె. నువ్వన్నా వస్తావని గదా నేను అట్ట చెప్పినాను."

నిజం చెప్పి నేను తేలికపడ్డాను. ఆయన ఇంటికొచ్చి కూర్చుని కబుర్లాడే ఒక్క మనిషీ లేకుండా పోయింది.

మూడు నెలలు ఆ వైపు వెళ్ళలేదు. వెళ్ళే హక్కు లేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, మొహం చెల్లలేదు. ఆదివారాలు హాస్టల్ ఖాళీ అయ్యేది. మెస్‌లో ఒక్కదాన్నే తిని, గదికొచ్చి, మామ ఇప్పుడు ఏం వండుకుని ఉంటాడా అనుకునేదాన్ని. చివరికి ఒక ఆదివారం తిరువళ్ళూరులో లోకల్ ట్రైనెక్కి తిరుత్తణిలో దిగాను. లాగ్‌బుక్ లేదు, సంచిలో బీపీ మిషన్ మాత్రం పెట్టుకున్నాను. ఏదో ఒక పని పేరు చెప్పకుండా మనిషి ఇంటికి ఎలా వెళ్ళాలో నాకు తెలియలేదు.

మామ మళ్ళీ మగ్గంలో ఉన్నాడు. నన్ను చూసి దారాల మధ్య నాడె విసరడం ఆపాడు. నేను గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని చేతులు లోపలికి చాపాను.

"వద్దులే పాపా" అన్నాడు. "కాళ్ళు చూసే పిల్లోడు మొన్ననే వచ్చినాడు. టార్చి వేసి బాగా చూసినాడు. మంచోడే. పది నిమిషాలు కూడా కూర్చోడు."

తర్వాత రాట్నం పక్కనున్న రాజామణి పీట చూపించాడు.

"ఆడ కూర్చో. హాస్టల్లో ఏం పెడతాండారు, చెప్పు."