గేటు ముందు హారన్

శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తుండగా, సిగ్నల్ దగ్గర మా కారు ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. కంటి పరీక్షకు వచ్చిన అత్తగారు వెనక సీట్లో ఉన్నారు. బానెట్ కింద నుంచి ఆవిరి వస్తుంటే, "బస్సులకేం కరువా ఈ ఊళ్ళో? నేనప్పుడే చెప్పాను" అన్నారు.

చల్లారే దాకా ఆగి, మెల్లగా ఇల్లు చేర్చాను. విషయం విని మా ఆయన సోఫాలోంచి లేవకుండానే తీర్పు చెప్పారు.

"పీటేసుకుని కూర్చున్నట్టు క్లచ్ మీద కాలేసుకుని కూర్చుంటావు. ఇంజన్‌కి జ్వరం రాక ఏమొస్తుంది? తాళాలిలా పెట్టు. రేపట్నుంచి బండి నేనే తీస్తాను."

"మరి నా రాత్రి డ్యూటీ?"

"మార్పించుకో. లేదా మానెయ్. నిన్నెవరు చెయ్యమన్నారు?"

తాళాలు ఫ్రిజ్ మీద పెట్టాను. రాత్రి డ్యూటీ వేళకు బస్సులుండవు. కారు లేకపోతే నాకు ఉద్యోగం లేదు. అది ఆయనకూ తెలుసు.

నేను నర్సుని. జ్వరం అని ఆయన ఎగతాళికన్నారు గానీ, గిన్నెలు తోముతూ ఆ మాటే పట్టుకున్నాను. వార్డులో జ్వరం వస్తే ముందు ఎవరినీ తిట్టం. ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అని చూస్తాం. కారులో వేడి చూపించే ముల్లు పైకి పాకింది ప్రతిసారీ సిగ్నల్ దగ్గరే. బండి సాగితే దిగేది. సాగుతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. బండి ఆగి ఉండే చోటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది, మా గేటు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన గేటు తీసుకోవడం నేను చూడలేదు. బయట ఆపి రెండుసార్లు హారన్ కొడతారు. పొయ్యి మీద పాలున్నా, చేతికి సబ్బున్నా నేను పరిగెత్తాలి. ఆలస్యమైతే హారన్ ఆగదు. ఆలస్యమైందని వీధంతటికీ తెలుస్తుంది. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు నేను మాత్రం దిగి గేటు తీసుకుని, బండి లోపల పెట్టి, మళ్ళీ వెళ్ళి గేటు వేస్తాను.

ఆదివారం పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీశాను. తగ్గిన కూలెంట్ పోశాను. గొట్టాలు కారడం లేదు. ఇంజన్ నడిపి పక్కన నిలబడ్డాను. ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగలేదు. ఆపేశాను. ఫ్యూజ్ బాగానే ఉంది. మిగిలింది రిలే. ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న నల్ల డబ్బీ అది. పాడైందని తేల్చాలంటే దాని బదులు పెట్టి చూడ్డానికి బాగున్నది ఒకటి కావాలి. ఆదివారం షాపులు తియ్యరు. సరిగ్గా అలాంటి రిలే అదే పెట్టెలో ఇంకోటి ఉంది. హారన్‌ది.

దాన్ని తీసి ఫ్యాన్‌కి పెట్టాను. ఇంజన్ వేడెక్కగానే ఫ్యాన్ తిరిగింది. ముల్లు దిగింది.

ఆయన అత్తగారిని తీసుకుని మా ఆడపడుచు ఇంటికి బయలుదేరుతున్నారు. సంగతి చెప్పాను. "కొత్త రిలే తెచ్చేదాకా హారన్ మోగదు. చూసుకుని నడపండి."

"సరేలే మెకానిక్కమ్మా, ముందు నా చొక్కా ఇస్త్రీ చెయ్యి."

సాయంత్రం గేటు బయట ఇంజన్ చప్పుడు వినిపించింది. హారన్ లేదు. కిటికీలోంచి చూశాను. ఆయన స్టీరింగ్ మధ్యలో గుద్దుతున్నారు.

"దిగి తియ్యరాదుట్రా, గేటేగా!" అన్నారు అత్తగారు.

ఆయన దిగారు. గడియ లాగారు. రాలేదు. గేటును కాలితో తన్నారు.

"గేటు కాస్త పైకెత్తి లాగాలండీ" అన్నాను కిటికీలోంచి.

ఎత్తి లాగారు. వచ్చింది.

సోమవారం పొద్దున్నే కొత్త రిలే తెచ్చి హారన్‌కి పెట్టాను. ఆయన ఆ కారులోనే ఆఫీసుకి వెళ్ళారు. సాయంత్రం గేటు ముందు హారన్ రెండుసార్లు మోగింది. నేను యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. మళ్ళీ మోగింది. రెండో చెయ్యి మడత కూడా ఇస్త్రీ చేశాను. హారన్ ఆగింది. కారు తలుపు వేసిన చప్పుడు, ఆ తర్వాత గేటు ఎత్తి గడియ లాగిన చప్పుడు వినిపించాయి.

ఆయన తాళాలు ఫ్రిజ్ మీద పెట్టారు. ఆ రాత్రి డ్యూటీకి కారులోనే వెళ్ళాను.