చిల్లకల్లు మిట్ట మీద బంగారు పురుగులు

జగ్గయ్యపేట నుంచి నందిగామకు బస్సు నడిపే ఇశ్రాయేలు మాటకారి. బస్సు కదలడం ఆలస్యమైతే జనం విసుక్కోకుండా నవ్వించడం అతనికి సరదా. అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు బస్టాండు టీకొట్టు దగ్గర అలాగే నలుగురిలో నిలబడి ఉండగా, బెజవాడ కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే భారతీదేవి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. చెప్పుల నిండా దుమ్ము. చేతిలో అగ్గిపెట్టె. తెరిచి చూపించింది. లోపల చచ్చిన పురుగొకటి ఆకుపచ్చగా, బంగారు నీరు పోసినట్టు, రెక్కల మీద రెండు పసుపు మచ్చలతో మెరుస్తోంది.

"డ్రైవరుగారూ, మీరు రోజూ ఈ రోడ్డు మీద తిరుగుతారు కదా. వానలు పడ్డాక ఇవెక్కడైనా కనిపిస్తాయాండీ? ఈ మచ్చల రకం ఇప్పుడు దొరకడమే లేదు. రోడ్డు వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేస్తున్నారు. ఇవి తుమ్మచెట్ల మీదే ఉంటాయి. ఉండే చోటు చూపిస్తే అక్కడి నాలుగు తుమ్మలూ వదిలేస్తానన్నారు రోడ్డు ఇంజనీరుగారు."

ఇశ్రాయేలుకు తెలుసు. చిల్లకల్లు దాటాక వచ్చే మిట్ట మీద, రోడ్డు వారన తుమ్మల వరస. చిన్నప్పుడు అక్కడికి గొడ్లు తోలుకెళ్లి, ఆ పురుగులకు దారం కట్టి ఎగరేసినవాడే. ఇప్పటికీ వానలు పడగానే కొమ్మల్లో అవి తళుక్కుమనడం తన సీట్లోంచే చూస్తుంటాడు. చెబుదామనే నోరు తెరిచాడు. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా అతని వంకే చూస్తున్నారు, ఇప్పుడేమంటాడా అని.

"పురుగులా అమ్మగారూ? మా బస్సులో నల్లులున్నాయి. టిక్కెట్టు కూడా అడగం, పట్టుకెళ్లండి."

అందరూ గొల్లుమన్నారు. కండక్టరు సాంబయ్య టీ ఒలకబోసుకున్నాడు. ఆమె కూడా కాస్త నవ్వింది. నవ్వి, మళ్లీ అడిగింది. "నిజంగా ఎక్కడా చూడలేదాండీ?"

"ఈ రోడ్డు మీద లేవండీ," అన్నాడు. నలుగురినీ అంత నవ్వించాక మాట మార్చడం చిన్నతనమనిపించింది. ఆమె అగ్గిపెట్టె మూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే మిట్ట మీది తుమ్మలు కొట్టేశారు. దుంగలు తారు కాచే పొయ్యిల్లోకి పోయాయి. ఆ పొగలోంచి బస్సు నడుపుతూ ఇశ్రాయేలు ఒకటి రెండుసార్లు అటు చూశాడు. పురుగులేగా, ఇంకో చెట్టు చూసుకుంటాయిలే అనుకున్నాడు.

మంచి వాన పడిన మర్నాడు పొద్దున, బస్సు మిట్ట ఎక్కుతుంటే చక్రాల కింద వేరుశనక్కాయలు చిట్లుతున్నట్టు చప్పుడైంది. కొత్త తారు మీద పచ్చగా మెరుస్తూ ఏవో పాకుతున్నాయి. తుమ్మవేళ్ల దగ్గర మట్టిలో పెరిగిన పురుగులు వాన తడికి పైకొచ్చి, ఎక్కడానికి చెట్టు దొరక్క రోడ్డంతా తిరుగుతున్నాయి. ముందెళ్లిన లారీలు తొక్కినచోట పెంకులు తారుకు అంటుకుపోయి ఉన్నాయి.

"ఆపండి! డ్రైవరుగారూ, ఆపండి!"

ఆ గొంతు గుర్తుపట్టగానే అతను బ్రేకు తొక్కాడు. ఆడవాళ్ల సీట్లో భారతీదేవి ఉంది. ఎక్కేటప్పుడు చూసుకోలేదు. వానలు పడ్డాయని ఇంకా వెతుక్కుంటూనే తిరుగుతోందన్నమాట.

బస్సు ఆగగానే ఆమె దిగి, కొంగు నడుముకు దోపుకుని, బతికున్నవాటిని ఏరి సంచిలో వేసుకోసాగింది. ఇశ్రాయేలు వెళ్లి పక్కన నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పాపం, మీరూ చూసుండరు," అంది ఆమె తలెత్తకుండా. "చూసుంటే చెప్పేవారే."

ఆ మాట అతను భరించలేకపోయాడు. "తెలుసమ్మా. నాకప్పుడే తెలుసు. నలుగురూ నవ్వుతున్నారని..."

ఆమె చేయి ఆగిపోయింది. తలెత్తి అతన్ని చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"అప్పుడే చెప్పుంటే చెట్లు ఉండేవండీ," అంది. అంతే, మళ్లీ వంగి ఏరుకోసాగింది.

అతనూ వంగాడు. ఇంతలో బస్సులోంచి సాంబయ్య కేకేశాడు. "ఏంటన్నా, అమ్మగారికి మన నల్లులు చాల్లేదా?" బస్సంతా నవ్వింది.

"మీరు వెళ్లండి. జనం ఎదురుచూస్తున్నారు. నేను వెనక బస్సుకు వస్తా," అంది భారతీదేవి.

ఇశ్రాయేలు సీట్లో కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేశాడు. ముందుకు పోవాలంటే వాటి మీద నుంచే పోవాలి. పోయాడు. ఆ చప్పుడు వింటూ ఆమె రోడ్డు వారన నిలబడే ఉంది.

సాయంత్రం తిరుగు ట్రిప్పులో అక్కడ బస్సాపి దిగాడు. కదిలేది ఒక్కటీ కనిపించలేదు. ఎందుకాపావని సాంబయ్య అడిగితే, రేడియేటర్లో నీళ్లు చూస్తున్నానన్నాడు. నిజం చెప్పడానికి అప్పుడూ సిగ్గే అడ్డొచ్చింది.

మరుసటేడు వానలకు భారతీదేవి ఇంకొక్కసారి ఆ బస్సెక్కింది. మిట్ట దగ్గర ఎవరూ అడగకుండానే ఇశ్రాయేలు నెమ్మది చేశాడు. రోడ్డు తడిగా, నల్లగా, శుభ్రంగా ఉంది. మిట్ట దిగేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. నందిగామలో దిగుతూ "వస్తానండీ," అంది మర్యాదగా. అతను స్టీరింగు మీంచి తలెత్తలేదు.