ఐదింటికి వచ్చే పోస్టు

గడబిడ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి కాలేజీ క్యాంటీన్‌లో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకున్న ఫోన్‌లో మెసేజ్ మెరిసింది. పంపింది అక్క పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లోని రిసెప్షనిస్టు.

"చెల్లెమ్మా, దొరికిపోయావ్! నీ బ్లాగ్‌లో హెడ్మాస్టర్ అంటే మీ అక్కేగా? ల్యాబంతా నీ కబుర్లే. మా డాక్టర్ మేడమ్‌కి కూడా పంపాను. పడీ పడీ నవ్వింది. ఇవాళ ఐదింటికి కొత్తది వస్తుందంటే ఆవిడ కూడా ఎదురుచూస్తోంది."

ఇంకో రోజైతే గడబిడ ఎగిరి గంతేసి ఆ మెసేజ్‌ని క్లాసంతా తిప్పి చూపించేది. ఇవాళ డబ్బా మూత పెట్టేసింది. ఐదింటికి రాబోయేది ఏ పోస్టో గుర్తొచ్చింది. అది బయటికొస్తే అక్క ఉద్యోగం ఊడినా ఊడుతుంది.

గడబిడ ఫిజియోథెరపీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ పేరు ఇంట్లోవాళ్లు పెట్టిందే. దాంతోనే బ్లాగ్ మొదలుపెట్టి ఇంటి కబుర్లు రాసేది. బస్ కండక్టరైన అమ్మ అందులో 'రైట్ రైట్'. అక్క 'హెడ్మాస్టర్'. మొదటి సంవత్సరం ఆ మోజులో పడి చదువు అటకెక్కింది. పాఠం జరుగుతుంటే బల్ల కింద ఫోన్. ఎంతమంది చదివారు, ఎవరేమన్నారు అని నిమిషానికోసారి చూసుకోవడం. అనాటమీ తప్పింది. అమ్మ గొంతు పెంచలేదు. "దిగాల్సిన స్టాపు దాటిపోయావమ్మా" అని మాత్రం అంది. ఆ మాటకి గడబిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయింది.

అప్పుడు అక్క ఒక ఒప్పందం పెట్టింది. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా రాసుకోవాలి. ఏ పోస్టు ఏ రోజు వెళ్లాలో టైము పెట్టేస్తే వాటంతటవే వెళ్తాయి. సాయంత్రానికల్లా అక్క పాస్‌వర్డ్ మార్చేస్తుంది. మళ్లీ ఆదివారం దాకా బ్లాగ్ గడప తొక్కే పని లేదు.

"నేను మాత్రం నీ రాతలు చదవను," అంది అక్క. "చదివితే నిన్ను కొట్టాల్సొస్తుంది. కొడితే అమ్మ నన్ను తిడుతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

ఒప్పందం అద్భుతంగా పనిచేసింది. తప్పిన అనాటమీ గట్టెక్కింది. బ్లాగూ ఆగలేదు. పాస్‌వర్డ్ లేకపోతే రాసిన పోస్టుని ఆపడం కూడా కుదరదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

పోయినవారం అక్క వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక విషయం చెప్పింది. రద్దీలో ఇద్దరి రక్తం తీసి, పేర్ల చీటీలు తర్వాత అంటిద్దామని ట్యూబులు పక్కన పెట్టిందట. అంటించేటప్పుడు అటుదిటు అయింది. వచ్చిన అంకెలకీ ఆ ఇద్దరి పాత రిపోర్టులకీ పొంతనే లేదు. అప్పుడు తట్టింది. తప్పుడు రిపోర్టు బయటికి పోలేదు గానీ, మేడమ్‌కి చెప్పే ధైర్యం చాల్లేదు. ఇద్దరికీ ఫోన్ చేసి, శాంపిల్ గడ్డకట్టింది, మళ్లీ ఇవ్వాలి అని అబద్ధం చెప్పి పిలిపించింది.

"పెద్దాయన మెట్లెక్కలేక ఆయాసపడుతూ వచ్చాడే. సూది గుచ్చితే నాకే థ్యాంక్స్ చెప్పి వెళ్లాడు," అని అక్క చెయ్యి కడుక్కోకుండానే కళ్లు తుడుచుకుంది. కళ్లలో సబ్బు పడి ఇంకా ఏడ్చింది.

ఆదివారం పొద్దున గడబిడ అదంతా రాసేసింది. అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఎవరి పేరూ పెట్టలేదు కదా అనుకుంది. టైము పెట్టింది, పుస్తకాల్లో పడి మర్చిపోయింది. ఇప్పుడేమో ల్యాబ్ సూపర్‌వైజర్ సీటుకి అక్క పేరు మేడమ్ బల్ల మీదే ఉంది.

అక్కకి ఫోన్ చేసింది. స్విచాఫ్. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టాలి. రిసెప్షనిస్టుకి చేసింది.

"అక్క లోపల రక్తాలు తీస్తోందమ్మా, ఇవాళ జనం జాతరలా ఉన్నారు. ఏంటి విషయం? చెప్పు, నేను చెప్తాలే."

ఏమని చెప్తుంది? "ఏం లేదు, ఒకసారి ఫోన్ చేయమనండి చాలు."

"సరే సరే. ఇవాళ పోస్టులో మా గురించి ఉందా?"

గడబిడ ఫోన్ పెట్టేసింది.

ఇక మిగిలింది పాస్‌వర్డ్ ఊహించడమే. అమ్మ పుట్టినరోజు కొట్టింది, తెరుచుకోలేదు. అక్క పుట్టినరోజుకీ అదే గతి. మూడోసారి అమ్మ బస్సు నంబరు కొట్టింది. తెర ఎర్రబడింది. మూడుసార్లు తప్పు కొట్టినందుకు గంటసేపు తాళం. మళ్లీ ముట్టుకుంటే గంట మళ్లీ మొదటి నుంచి.

అప్పుడే ప్రాక్టికల్‌కి బెల్ మోగింది.

భుజం కీలు ఎంతవరకు తిరుగుతుందో కొలిచే పరీక్ష అది. గడబిడ కొలబద్ద పట్టుకుని స్నేహితురాలి చెయ్యి పైకెత్తింది. ఎత్తి అలాగే నిలబడిపోయింది.

"ఒసేయ్, నా చెయ్యి దించుతావా, జెండా ఎగరేస్తావా?" అంది స్నేహితురాలు పళ్ల బిగువున.

గడబిడ చెయ్యి దించి లెక్చరర్ దగ్గరికి నడిచింది. "మేడమ్, నేను వెళ్లాలి. అర్జెంటు."

"వెళ్తే ఈ ప్రాక్టికల్ పోయినట్టే. మళ్లీ పెట్టమంటే పెట్టను."

"తెలుసు మేడమ్."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తాళం ఊడడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ల్యాబ్ చేరేసరికి అంతా సర్దుకుంటుంది. అక్కని ఏదో ఒకటి చెప్పి ఒప్పించి, పాస్‌వర్డ్ తీసుకుని, అక్క చూడకుండా పోస్టు తీసేస్తే సరి. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. బొటనవేలు దానంతటదే తెర మీదికి పోయింది. ఇంటి నంబరు అయ్యుంటుందా అనుకునేలోపే కొట్టేసింది కూడా.

తెర మళ్లీ ఎర్రబడింది. మళ్లీ మొదటి నుంచి గంట. తాళం ఊడేది ఐదుకి పది నిమిషాల ముందు.

"ఛీ!" అంది గడబిడ పైకే. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి, తన మోచెయ్యి సర్దుకున్నాడు.

ల్యాబ్‌లో అక్క గ్లవుజులతోనే పరుగున బయటికొచ్చింది. "అమ్మకేమైనా అయిందా?"

"అమ్మ బాగానే ఉంది. బ్లాగ్ పాస్‌వర్డ్ కావాలి."

"పాస్‌వర్డా! కాలేజీ ఎగ్గొట్టి పాస్‌వర్డ్ కోసం వచ్చావా? ఆదివారం దాకా ఇచ్చేది లేదు, నడువ్."

అబద్ధాలు రెండు మూడు నాలుక చివరిదాకా వచ్చాయి. అక్క కళ్లలో ఇంకా పోని ఆ భయం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్లింది.

"అక్కా, నువ్వు గిన్నెలు తోముతూ చెప్పావే, రెండు ట్యూబుల సంగతి. అది రాశాను. ఐదింటికి వస్తుంది. మీ మేడమ్ చదువుతుంది."

అక్క గ్లవుజులు తీసి చేతిలో ఉండ చుట్టింది. "నేను ఏడ్చింది కూడా రాశావా?"

"రాశాను."

"నేను మా చెల్లికి చెప్పుకున్నానే. మైకులో చెప్పలేదు."

"పేరు పెట్టలేదక్కా..."

"హెడ్మాస్టర్ ఎవరో మా రిసెప్షన్ అక్వేరియంలో చేపలక్కూడా తెలుసు! ఫోనివ్వు, ముందది తీసేస్తా."

"ఇప్పుడు తెరుచుకోదు. తప్పు కొట్టి కొట్టి తాళం పడింది."

"ఎన్నిసార్లు కొట్టావ్?"

"కాలేజీలో మూడు. బస్సులో ఇంకోటి."

"ఆ ఇంకోటి ఎందుకు?"

"తెలీదు. వేలు ఆగలేదు."

అక్క గ్లవుజుల ఉండని చెత్తబుట్టలో పడేసింది. ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. పైనుంచి ఎవరో దిగుతుంటే మోకాళ్లు పక్కకి జరుపుకుని దారిచ్చారు. అక్క ఏదో ఒకటి అంటే బాగుండనిపించింది గడబిడకి.

తాళం ఊడింది. "పాస్‌వర్డ్ 'ముందుచదువుకో'. మధ్యలో ఖాళీ లేకుండా కొట్టు," అంది అక్క.

గడబిడకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కొట్టింది. పోస్టు తెరుచుకోగానే అక్క ఫోన్ లాక్కుంది.

"చదవకక్కా, తీసెయ్. టైము లేదు."

"నా గురించేగా. చదవనీ."

అక్క రిపోర్టు చదివినట్టు వేలు పెట్టి నిదానంగా చదివింది. పెద్దాయన దగ్గర వేలు ఆగిపోయింది. గడబిడ గడియారం చూడలేక గోడ వైపు తిరిగింది.

"పాడుదానా, బాగా రాశావే," అని అక్క ఆ పోస్టుని చెరిపేసింది. ఫోన్ చెల్లి ఒళ్లో పడేసి, కోటు సర్దుకుని లేచింది.

"ఎక్కడికక్కా?"

"మేడమ్ దగ్గరికి. ఐదింటికి చదువుతుందన్నావుగా."

"తీసేశాంగా! ఇంకెవరికీ తెలీదు."

"నాకు తెలుసు. ఆ పెద్దాయన్ని అక్షరాల్లో చూశాక ఇంకేం దాచుకుంటాను? ఇది నీ బ్లాగ్‌లో ఉండాల్సింది కాదు, నేను ఆరోజే నోటితో చెప్పాల్సింది."

గడబిడ బెంచీ మీద కూర్చుంది. చాలాకాలానికి పనిరోజున బ్లాగ్ తలుపులు బార్లా తెరిచి చేతిలో ఉన్నాయి. ఐదైంది, పోస్టేదీ అని అడుగుతున్నారు పాఠకులు. ఫోన్‌ని బోర్లా పెట్టింది. మళ్లీ తిప్పి చూసింది. మళ్లీ బోర్లా పెట్టింది.

అక్క బయటికొచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది. "సూపర్‌వైజర్ సీటు గాల్లో కలిసింది. ఉద్యోగం ఉంది. రేపు ఆ ఇద్దరికీ ఫోన్ చేసి నిజం చెప్పాలి. మేడమ్ పక్కన కూర్చుంటుందట."

"అంతా నావల్లే."

"చీటీలు నువ్వు అంటించావా? నా తప్పు నాది. దాన్ని కూడా లాక్కోకు, నీది నీకు వేరే ఉంది." రెండడుగులు లోపలికి వేసి ఆగింది. "అవునూ, నీకివాళ ప్రాక్టికల్ కదూ?"

"మధ్యలో వదిలేసి వచ్చా."

అక్క నెత్తి మీద ఒక్కటి మొట్టి వెళ్లిపోయింది. బ్లాగ్ చదివినందుకు అక్క కొట్టిన మొదటి దెబ్బ అది. గడబిడకి అది చాలా తక్కువనిపించింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ కుర్చీలో వాలి, వేడినీళ్ల తొట్టిలో పాదాలు పెట్టుకుని ఉంది. గడబిడ ఫోన్ తెరిచింది. వారంలో వెళ్లాల్సిన పోస్టులు ఇంకా వరసలో ఉన్నాయి. రేపటిది అమ్మ గురించే. టికెట్ తప్పించుకోవడానికి దొంగనిద్ర పోయిన ముసలాయన్ని 'రైట్ రైట్' బస్సంతా నవ్వేలా ఎలా లేపిందో అందులో ఉంది. చాలా నవ్వొచ్చే పోస్టు.

"అమ్మా, నీ గురించొకటి రాశా. పంపేముందు చదివి వినిపించనా?"

"ఇదేంటి కొత్తగా?"

గడబిడ చదివింది. అమ్మ రెండుచోట్ల నవ్వింది. చివర్లో నవ్వలేదు.

"నేనలా లేపలేదే," అంది. "ఇంటికొచ్చి మీ దగ్గర కోతలు కోశాను. బస్సులో ఆయన నిజంగానే నిద్రపోతున్నాడు. ఆయన టికెట్ నేనే కొట్టి జేబులో పెట్టాను. స్టాపు రాగానే భుజం తట్టాను, అంతే."

"అమ్మా! ఇదింకా బాగుంది! ఇది రాయనా?"

అమ్మ తొట్టిలోంచి ఒక పాదం తీసి తువ్వాలుతో తుడుచుకుంటూ ఆలోచించింది.

"కోతలు కోశానని రాసుకో, నవ్వుకుంటారు. ఆయన సంగతి మాత్రం వద్దు. జేబులో ఆ టికెట్ ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు."

రాస్తే ఎంత బాగుంటుందో గడబిడకి తెలుసు. అడిగింది తనే కాబట్టి, ఇప్పుడు వినక తప్పదు. నేల మీద చతికిలబడి, సగం పోస్టు చెరిపేసి, కోతల దగ్గర నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.