అయిదో నంబరు టాపెట్

బంగార్రాజు గారి లారీ మూడోసారి షెడ్డులోకి వచ్చి ఆగగానే జ్ఞానమ్మ పొయ్యి మీది పులుసు దించి, "ఇక నా వల్ల కాదు ప్రభువా" అని పైకే అనేసింది. అన్నా విన్నవాళ్ళు లేరు. వినాల్సిన మనిషి వంటింటి గోడకు అవతలే, పది అడుగుల దూరంలో ఉన్నాడు. కానీ ఆ మనిషికి ఈ మధ్య పక్కన కూర్చుని చెప్పినా సగమే అందుతోంది. మిగతా సగం తనే ఊహించుకుంటాడు. ఊహించుకున్నదానికి మళ్ళీ కోప్పడతాడు కూడా.

మండపేటలో రైసు మిల్లుల రోడ్డు చివర లాజరు మేస్త్రి షెడ్డంటే తెలియని లారీ డ్రైవరు ఉండడు. షెడ్డు వెనకే ఇల్లు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి, అంటే ముప్పై ఏళ్ళుగా, జ్ఞానమ్మ ఆ ఇంజన్ల మోతలోనే వండింది, పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసి పంపింది, ప్రార్థన చేసుకుంది. మొదటి ఏడాది తలనొప్పితో చచ్చిపోతాననుకుంది. తరవాత తరవాత మోత ఆగిపోతేనే ఏదో అయిందని బయటికొచ్చి చూసేది.

లాజరుకు అంత పేరు తెచ్చింది చేతులు కాదు, చెవి. రిపేరు పూర్తయ్యాక ఇంజన్ స్టార్టు చేయించి, చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గరి ఎముకకు నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి తీసేసి "వెళ్ళండి" అంటాడు. ఆ ఒక్క మాట వినపడేదాకా ఏ డ్రైవరూ గేరు వెయ్యడు. కలకత్తా లోడు వెళ్ళేవాళ్ళు బండికి ఏ జబ్బూ లేకపోయినా, ఆ మాట అనిపించుకోవడానికి షెడ్డు ముందు ఆపేవారు. మిగతా మెకానిక్కులు ఇంజనంతా విప్పి కనుక్కునే రోగాన్ని మా ఆయన నిలబడి కనుక్కుంటాడని జ్ఞానమ్మ కూడా చర్చిలో ఆడవాళ్ళ దగ్గర గొప్పలు పోయిన రోజులున్నాయి.

ఇప్పుడు ఆ చెవే పోతోంది. రేడియో పెడితే పక్క వీధికి వార్తలు చెప్పినట్టుంటుంది. కుక్కరు చూస్తూ ఉండమని కూర్చోబెడితే, ఎనిమిది కూతలు కూసినా కదలకుండా పేపరు చదువుకున్నాడు. పప్పు మాడి బొగ్గయింది. మొన్న ఆదివారం పాస్టరుగారు ప్రార్థన ముగించి, అందరూ ఆమెన్ అనుకుని కూర్చున్నాక, ఈయన ఒక్కడే నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. జ్ఞానమ్మ లేచి వెళ్ళి చొక్కా పట్టుకు లాగింది. ఇంటికొచ్చాక, పాస్టరుగారు ఈ మధ్య నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నాడని ఈయనే సణిగాడు. కాకినాడ వెళ్ళి డాక్టరుకు చూపించుకుందామంటే ఒంటికాలి మీద లేచాడు. చెవిటి మేస్త్రి అనిపించుకోవడం కంటే షెడ్డు తలుపులు మూసుకోవడం మేలన్నాడు. అన్నంత పనీ చేసే మనిషే. ఆ షెడ్డు మూసేసిన మర్నాడు ఈయన మంచం పడతాడని జ్ఞానమ్మకు తెలుసు. ఆమె భయమంతా అదే.

బంగార్రాజు గారిది ఆరు సిలిండర్ల పాత బండి. సొంత బండికి తనే డ్రైవరు. మిల్లు బియ్యం కాకినాడ పోర్టుకు తోలుతారు. పోయిన నెలలో ఇంజన్ టకటకమంటోందని తెచ్చారు. టాపెట్లు అరిగిపోయాయి. టాపెట్టంటే బొటనవేలంత ఇనప ముక్క. కింద కామ్ షాఫ్ట్ తిరుగుతూ దాన్ని ఎత్తుతుంటే, అది పైనున్న రాడ్డును ఎత్తి, రాకరనే మీట చేత వాల్వు తెరిపిస్తుంది. దాని ముఖం అరిగి గుంటలు పడితే ఇంజన్ మాటిమాటికీ చిటికెలు వేసినట్టు చప్పుడు చేస్తుంది. ఇదంతా జ్ఞానమ్మ పుస్తకాల్లో చదవలేదు. లాజరుకు అన్నం తింటూ ఆ రోజు విప్పిన ఇంజన్ కథ మొత్తం చెప్పే అలవాటు. ముప్పై ఏళ్ళ అన్నాలు.

ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు. పన్నెండు టాపెట్లలో పదకొండు పాడయ్యాయట, అయిదో సిలిండరులో ఒకటి మాత్రం నిక్షేపంగా ఉందట. కొత్త సెట్టులో పన్నెండూ ఉన్నా పదకొండే వేసి, బాగున్న పాతదాన్ని పైకి లాగి చూడకుండానే దాని చోట ఉంచేశాడు. బాగున్న వస్తువును పారెయ్యడం ఆయన ఒంటికి పడదు. అది మంచిదని ఎలా తెలిసిందని జ్ఞానమ్మ అడిగితే, విప్పకముందే చెవి పెట్టి విన్నానన్నాడు. జ్ఞానమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

మర్నాడు ఇంజన్ స్టార్టు చేసినప్పుడు ఆమె పెరట్లో వంకాయలు తరుగుతోంది. మోతలో మోతగా సన్నటి టక్కు వినపడుతూనే ఉంది. లాజరు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి, కళ్ళు మూసుకుని, తీసి, వెళ్ళండి అన్నాడు. బంగార్రాజు గారు వెళ్ళారు. వారానికి తిరిగొచ్చారు. లాజరు గేజి పెట్టి అన్నిటి గ్యాపులూ కొలిచాడు. కొలతలు సరిగ్గానే ఉన్నాయి, చెవికి చప్పుడు లేదు, ఇక తప్పంతా బంగార్రాజు గారి అనుమానానిదే అయింది. ఆ పూట జ్ఞానమ్మ ఉండబట్టలేక, చప్పుడు తనకూ వినపడిందని చెప్పింది. లాజరు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"గిన్నెలు కడుక్కునేదానివి, నువ్వు నాకు టాపెట్లు చెప్తావా?" అన్నాడు.

ఆ మాటకు జ్ఞానమ్మ రెండు రోజులు పలకలేదు. పలకలేదన్న సంగతి కూడా ఆ మహానుభావుడికి తెలియలేదు. ఇంట్లో ప్రశాంతంగా ఉందనుకున్నాడు కాబోలు.

అలా వచ్చింది మూడోసారి. ఈసారి బంగార్రాజు గారు నవ్వుతూ దిగలేదు. తలుపు ధడాలున వేసి, ఇంజన్ ఆపకుండానే నిలబడ్డారు. లాజరు వాల్వు మూత విప్పి, మళ్ళీ గేజి పెట్టి, మళ్ళీ స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి, శుభ్రంగా ఉందన్నాడు. బంగార్రాజు గారు చేతిలోని గుడ్డను బానెట్ మీద పడేశారు.

"ఇంకా ఉందండి మేస్త్రిగారూ. మీ మీద గౌరవం కొద్దీ మూడుసార్లు వచ్చాను. రేపు రాజమండ్రి తీసుకుపోతానండి, ఏమనుకోకండి."

ఆ మాట లాజరుకు అందిందో లేదో గానీ, గోడకు ఇవతల జ్ఞానమ్మకు గుండెలో దిగింది. రాజమండ్రిలో ఎవడో కుర్ర మెకానిక్కు విప్పి, ఆ పాత టాపెట్టును అరచేతిలో పెట్టి చూపిస్తాడు. లాజరు మేస్త్రి దీన్ని బాగుందన్నాడా అని అందరూ నవ్వుతారు. సాయంత్రానికల్లా మిల్లు దగ్గర ఆగిన ప్రతి లారీలోనూ అదే కథ. ముప్పై ఏళ్ళ పేరు గోదాట్లో కలిసిపోతుంది.

ఇప్పుడే, బండి కదలక ముందే చెప్పాలి. బంగార్రాజు గారికి తెలియకుండా చెప్పాలి. అక్కడే వచ్చింది చావు. గుట్టుగా చెప్పాల్సిన మాట చెవిలో గుసగుసగా చెబితే ఆయనకు వినపడదు. వినపడేలా చెబితే మిల్లు హమాలీల దాకా వినపడుతుంది. రాసిచ్చినా లాభం లేదు. చెవులు తగ్గినప్పటి నుంచి ఏ కాగితం ఇచ్చినా పైకి చదువుతున్నాడు, అదీ సువార్త సభల్లో మైకు ముందు చదివినట్టు.

వంటింట్లో నుంచే పిలుద్దామని ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో నాలుగు దెబ్బలు వేసింది. బంగార్రాజు గారు ఉలిక్కిపడి ఇటు తిరిగారు. పక్కింటి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. లాజరు గేజి తుడుచుకుంటున్నాడు. తను ఎవరికోసం కొట్టిందో ఆ మనిషికే వినపడదన్న సంగతి కొట్టాక గుర్తొచ్చి, జ్ఞానమ్మకు గరిటెతో తన తలే బాదుకోవాలనిపించింది. బయటికొచ్చి, టీ తాగి వెళ్ళమని బంగార్రాజు గారిని హోటల్ వైపు పంపబోయింది. ఆయన టీ వద్దన్నారు. అక్కడి నుంచి కదిలేలా లేరు.

ఇక చీర కొంగు నడుముకు బిగించి నేరుగా బండి దగ్గరికి వెళ్ళింది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది. మూత లేకపోవడంతో, సిలిండరుకు రెండు చొప్పున రాకర్లు పన్నెండూ ఒకదాని వెనక ఒకటి తలలు ఊపుతూ నూనె చిమ్ముతున్నాయి. రేడియేటర్ దగ్గరిది ఒకటో నంబరు సిలిండరు, క్యాబిన్ దగ్గరిది ఆరోది. అన్నాల దగ్గర విన్న లెక్క. ఆమె తల వంచి, చెవి ఒగ్గి, పక్కకు నడిచింది. అయిదో దాని దగ్గర ఆగింది. ఏం చేస్తున్నావని లాజరు కసిరాడు. ఆమె సమాధానం చెప్పలేదు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, బొటనవేలిని నాలుగో నంబరు రాకర్ మీద పెట్టింది. తరవాత తీసి అయిదో నంబరు మీద పెట్టింది.

లాజరు చెయ్యి లాక్కోబోయి ఆగిపోయాడు. వేలు మళ్ళీ తనే నాలుగో దాని మీద పెట్టాడు, మళ్ళీ అయిదో దాని మీద. అక్కడ లోహం వేలిని పొడుస్తోంది. ఆయన తలెత్తి భార్య మొహంలోకి చూశాడు. కోప్పడతాడనుకుని, తిరిగి అనడానికి ఆమె నాలుగు మాటలు సిద్ధం చేసుకుని ఉంది. ఆయన మొహంలో కోపం లేదు. తప్పిపోయిన మనిషి దారి అడగబోయినట్టుంది ఆ చూపు. 

"ఇంజన్ ఆపండి రాజుగారూ," అన్నాడు లాజరు. "తప్పు నాదే. హెడ్డు దించాలి."

రాకర్లు విప్పి, రాడ్లు వరసగా పేపరు మీద పేర్చి, గొలుసు కప్పీకి తగిలించి, ఇంజన్ పైభాగమైన హెడ్డు దించేసరికి మధ్యాహ్నమైంది. బంగార్రాజు గారు చొక్కా తీసేసి ఒక చెయ్యి వేశారు. అయిదో నంబరు టాపెట్టును పైకి లాగి, తుడిచి, వెలుతురుకేసి తిప్పితే, ముఖం నిండా పురుగు తిన్నట్టు సన్నటి గుంటలు. బంగార్రాజు గారు చూసి, కిందపడ్డ నట్లు ఏరసాగారు. అలమరలో నూనె కాగితంలో చుట్టి ఉన్న పన్నెండోది తీసి లాజరు దాని చోట దించాడు.  అన్నానికి పిలిస్తే రాలేదు. వినపడక రాలేదా, వినపడే రాలేదా అన్నది జ్ఞానమ్మకు తేలలేదు. ఆ అనుమానంతో బతకడమే ఆమెకు అన్నిటికన్నా విసుగు.

పొద్దు వాలుతుండగా అంతా బిగించి ఇంజన్ స్టార్టు చేశారు. బంగార్రాజు గారు అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి జరిగి, మేస్త్రి మాట కోసం నిలబడ్డారు. లాజరు స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మొన ఇంజనుకు ఆనించాడు. పిడి చెవి దాకా ఎత్తి, అక్కడే ఆగాడు. అలా ఎంతసేపు ఉన్నాడో. జ్ఞానమ్మ గుమ్మంలో నిలబడి, ఊరికే వినేసినట్టు నటించి వెళ్ళండి అనెయ్యవయ్యా అని లోపల్లోపల తిట్టుకుంటోంది. ఈయన చెవి పోయిందని ఒప్పుకుంటే చాలని ఇన్నాళ్ళూ దేవుణ్ణి అడిగిన మనిషే, ఇప్పుడు ఒప్పుకోవద్దని అడుగుతోంది.

లాజరు స్క్రూడ్రైవర్ దించి ఆమె వైపు చాచాడు.

"ఇలా రా," అన్నాడు. "నువ్వు విని చెప్పు."

చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళింది. పిడి చెవికి పెట్టుకుంటే ఇంజనంతా తలలోకి వచ్చేసినట్టయింది. ఒకటి నుంచి ఆరు దాకా మెల్లగా నడిచి, మళ్ళీ అయిదు దగ్గరికి వచ్చి నిలబడింది. టక్కు లేదు. ఉన్నదల్లా ఒకే ఒక నిండు మోత. ఆమె తలెత్తి, పెదవులు ఆయనకు బాగా కనిపించేలా, బాగుంది అంది. లాజరు ఆ పెదవులనే చూసి, బంగార్రాజు గారి వైపు తిరిగి, "వెళ్ళండి" అన్నాడు.

బంగార్రాజు గారు చొక్కా తొడుక్కుని, క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకున్నారు. అంతలో ఏదో గుర్తొచ్చి కిటికీలోంచి తల బయటికి పెట్టారు. మేస్త్రి వైపు చూడలేదు. గొంతు కూడా కొంచెం తగ్గించే అడిగారు.

"మా పల్లంరాజు బండి కూడా రేపు తెమ్మంటానండి. రేపు మీరు ఇంట్లోనే ఉంటారు కదా, జ్ఞానమ్మగారూ?"

ముప్పై ఏళ్ళలో ఆ షెడ్డుకొచ్చిన ఏ మనిషీ ఆమెను ఆ మాట అడగలేదు.  లాజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏంటంట?" అన్నాడు.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, మిల్లు దాకా వినపడేలా అరిచింది. "పల్లంరాజు గారి బండి వస్తదంట. రేపు మీరు షెడ్డులో ఉంటారా అని అడుగుతున్నారు."

లాజరు ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడికి అంటిన తడి చొక్కాకు తుడిచాడు.

"ఎక్కడికి పోతాం," అన్నాడు. "ఇద్దరం ఉంటామని చెప్పు."